గుమాస్తాగారి సముద్రయానం

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ పేరు చెప్పగానే మన పాఠకులలో చాలామందికి ‘సైకో’ చిత్రంలోని స్నానాలగది, ‘ది బర్డ్స్’ చిత్రంలో బడి ఆవరణలో బారులు తీరి కూర్చున్న కాకులు, ‘రియర్ విండో’లో కాలు విరిగి కిటికీ దగ్గర కూలబడిన ఫొటోగ్రాఫరు జ్ఞాపకానికి రావటం సహజం. హత్య, అనుమానం, వెంటాడే భయం లేని హిచ్‌కాక్ చిత్రాన్ని ఊహించటం కష్టమే. అయినా అటువంటి చిత్రం ఒకటి ఉన్నది. అందులో శవం లేదు, హంతకుడు లేడు. ఉన్నదల్లా లండన్ నగరంలో ఒక గుమాస్తా, ఆయన ఇల్లాలు, విసుగు పుట్టిన వారి సంసారం. ఈ మాసం మేము ఎంచుకొన్న ‘రిచ్ అండ్ స్ట్రేంజ్’ చిత్రం అదే.

1931లో ఇంగ్లండులోని ఎల్‌స్ట్రీ స్టూడియోలో బ్రిటిష్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ సంస్థ దీనిని నిర్మించింది. అమెరికాలో ‘ఈస్ట్ ఆఫ్ షాంఘై’ అనే వేరే పేరుతో విడుదలయింది. రెండుచోట్లా ప్రేక్షకులు దీనిని ఆదరించలేదు. దర్శకుని కీర్తి దేశదేశాలకు వ్యాపించిన తరువాత కూడ ఈ చిత్రాన్ని తలచుకొన్నవారు తక్కువ. అయితే చాలా సంవత్సరాల తరువాత ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలలో హిచ్‌కాక్ ఈ చిత్రాన్ని ప్రీతితో స్మరించుకొన్నాడు. ఆడని చిత్రం మీద దర్శకునికి అంత మమకారం ఎందుకు ఉండిపోయిందో చూసినవారికి అర్థమవుతుంది.

పేరు సంగతి ముందుగా చెప్పుకోవాలి. షేక్‌స్పియర్ ‘ది టెంపెస్ట్’ నాటకంలోని ఒక పాట నుంచి ఈ మాటలు తీసుకొన్నారు. నీట మునిగిన మనిషి దేహం కడలిగర్భంలో పగడంగాను, ముత్యాలుగాను మారి అపురూపమైన వింత వస్తువు అవుతుందని ఆ పాటలోని భావం. సముద్రం మనిషిని మార్చివేస్తుందని కవి అన్నాడు. నిజంగా మారుస్తుందా అని చిత్రం అడుగుతుంది. గుమాస్తాను, ఆయన భార్యను ఓడ ఎక్కించి, సగం ప్రపంచం తిప్పి, ముంచినంత పనిచేసి, ఇంటికి చేర్చి మరీ అడుగుతుంది.

ఆ సంవత్సరాన్ని కాస్త గుర్తు చేసుకోవటం అవసరం. మన దేశంలో మొట్టమొదటి టాకీ ‘ఆలం ఆరా’ బొంబాయిలో విడుదలయినది 1931 మార్చి 14న. తెలుగువారి ‘భక్త ప్రహ్లాద’ ఆ తరువాత వచ్చింది. మన టాకీలు పాటతో, పద్యంతో, పురాణంతో మాట నేర్చుకొంటున్న వేళ అక్కడ ఒక దర్శకుడు భార్యాభర్తల చికాకును కథావస్తువుగా ఎన్నుకొన్నాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని విడిచిపెట్టింది. ఆ దేశంలో నిరుద్యోగుల సంఖ్య 25 లక్షలు దాటింది. నెల తిరిగేసరికి జీతం చేతికి వచ్చే ఉద్యోగం ఉన్నవాడు అదృష్టవంతుడనిపించుకొన్న కాలమది. అటువంటి రోజులలో ఉద్యోగాన్ని తృణప్రాయంగా వదిలివేసి ఓడ ఎక్కే గుమాస్తాను తెరమీద చూసి నాటి ప్రేక్షకులు ఏమనుకొని ఉంటారో ఊహించవచ్చు.

చిత్రం కార్యాలయంలో ప్రారంభమవుతుంది. పని గంటలు ముగుస్తాయి. లెక్కల పుస్తకాలు మూసి గుమాస్తాలందరూ ఒకరి వెనుక ఒకరు బయటికి వస్తారు. వాన కురుస్తూ ఉంటుంది. అందరి గొడుగులూ టపటప తెరుచుకొంటాయి. ఫ్రెడ్ హిల్ అనే మన కథానాయకుని గొడుగు మాత్రం మొరాయిస్తుంది. అక్కడినుంచి భూగర్భ రైలు. నిలబడటానికి చోటు లేని పెట్టెలో పట్టుకొన్న తోలుపట్టీ నిలకడగా ఉండదు. తూలిన ఫ్రెడ్ చేతికి పక్కనున్న స్త్రీ టోపీలోని ఈక చిక్కుతుంది. ఇంతసేపూ ఒక్క సంభాషణ లేదు. అయినా ఆ మనిషి దినచర్య, అతని మనఃస్థితి పూర్తిగా తెలిసిపోతాయి. ఉదయపు లోకల్ రైలులోనో, కర్మాగారపు షిఫ్టు బస్సులోనో ప్రయాణించేవారికి ఈ సన్నివేశానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇంటికి చేరిన తరువాత జరిగేది ఇంకా పరిచితమైన దృశ్యం. భార్య ఎమిలీ బట్టలు కుట్టుకొంటూ ఉంటుంది. ఆమె చిరునవ్వుతో పలకరిస్తుంది. ఫ్రెడ్ కసురుకొంటాడు. వండినది నచ్చదు, ఇల్లు నచ్చదు, ఈ బతుకే నచ్చదు. తనకు ఇంకా జీవితం కావాలని, లోకం చూడాలని అంటాడు. ఆమె ఆయన మాటలు వింటూ, ఉన్నదానితో సంతోషంగానే ఉన్నాము కదా అన్నట్లు మెత్తగా చెప్పబోతుంది. ఆ మెత్తదనం కూడ ఆయనకు చిరాకు తెప్పిస్తుంది. ఇక్కడ దర్శకుడు ఒక చిన్న సంగతిని నేర్పుగా చూపాడు. కార్యాలయంలో ఫ్రెడ్ ఎవరిమీదా కేక వేయలేదు. గొడుగు మీద, రైలు మీద, పై అధికారి మీద పుట్టిన కోపం అంతా మోసుకొని వచ్చి ఎదురు చెప్పని మనిషి ముందు దించాడు. ఎమిలీ చేసిన అపరాధం ఏమిటయ్యా అంటే, ఆ సమయానికి ఇంట్లో ఉండటమే.

అంతలో ఉత్తరం వస్తుంది. తాను పోయిన తరువాత ఇవ్వదలచిన సొమ్మును ఇప్పుడే ఇస్తున్నానని, వయసులో ఉండగానే జీవితాన్ని అనుభవించమని ఒక పెద్దాయన వ్రాసిన ఉత్తరం. కథలో అదృష్టం ఇంత సులువుగా తలుపు తట్టటం నమ్మదగినది కాకపోవచ్చు. కాని చిత్రానికి కావలసినది ఆ డబ్బు కాదు, ఆ డబ్బు తీసివేసే సాకు. ఇన్నాళ్లూ తన అసంతృప్తికి జీతం చాలకపోవటమే కారణమని ఫ్రెడ్ నమ్మాడు. ఆ కారణాన్ని తొలగించి చూద్దామని కథకులు నిశ్చయించుకొన్నారు. ఫ్రెడ్ ఉద్యోగం వదిలివేస్తాడు. దంపతులు ప్యారిస్ చేరుకొంటారు. అక్కడి విలాస నాట్యశాల చూసి నోరు వెళ్లబెడతారు. తరువాత మధ్యధరా సముద్రం మీదుగా, సూయజ్ దాటి, కొలంబో మీదుగా సింగపూరు దాకా సాగే ఓడ ప్రయాణం మొదలవుతుంది.

ఇంతవరకు చెప్పినదానిలో మాటలకంటె దృశ్యాలే ఎక్కువని పాఠకులు గమనించి ఉంటారు. దానికి కారణమున్నది. టాకీలు వచ్చిన తొలి రెండు మూడు సంవత్సరాలలో చలనచిత్రం ఒక విధంగా వెనుకడుగు వేసింది. కెమెరా తిరిగే చప్పుడు మైక్రోఫోనుకు అందకుండా దానిని గాలి చొరని గూటిలో బంధించవలసి వచ్చేది. అంతకుముందు స్వేచ్ఛగా సంచరించిన కెమెరా కదలక మెదలక నిలబడిపోయింది. నటీనటులు మైక్రోఫోను దాచిన పూలకుండీ చుట్టూనో, బల్ల చుట్టూనో చేరి మాట్లాడవలసిన అవస్థ. తరువాత గొంతు జతచేసే పద్ధతి ఇంకా చక్కబడలేదు. హిచ్‌కాక్ 1929లో తీసిన ‘బ్లాక్‌మెయిల్’ చిత్రంలో నాయిక అన్నీ ఓండ్రా ఆంగ్లోచ్చారణ సరిపడకపోవటంతో ఆమె పెదవులు మాత్రం కదిపింది. కెమెరాకు కనబడనంత దూరంలో నిలబడి మరొక నటి అదే క్షణంలో ఆ మాటలు పలికింది. ఆ గొంతు జోన్ బారీది. రెండేళ్ల కిందట తెరచాటున ఉండిపోయిన ఆ నటి ఈ చిత్రంలో తన ముఖంతోనే ఎమిలీగా దర్శనమిస్తుంది. తెలిసి చూస్తే ఆమె ప్రతి మాటా మరింత ముచ్చటగా వినబడుతుంది.

మూకీలలో ఆరితేరిన హిచ్‌కాక్ టాకీ వచ్చినంత మాత్రాన పాత విద్యను పారవేయలేదు. ఈ చిత్రంలో చాలా భాగం మూకీలాగే నడుస్తుంది. సన్నివేశాల నడుమ అక్షరాలు వ్రాసిన పలకలు కూడ వస్తాయి. మాట అవసరమైనచోటనే మాట. ఓడమీద జబ్బుపడిన ఫ్రెడ్ భోజనాల పట్టిక చూస్తుంటే అందులోని అక్షరాలు అతని మీదికి ఉబికి వచ్చినట్లు చూపటం ఇందుకు ఒక ఉదాహరణ. కడుపులో తిప్పుతున్నదని అతడు నోటితో చెప్పనక్కరలేదు. చిత్రానువాదం వ్రాసినవారిలో ఒకరు హిచ్‌కాక్ సతీమణి ఆల్మా రెవిల్, మరొకరు వాల్ వాలంటైన్. హిచ్‌కాక్, ఆల్మాలకు 1926 డిసెంబరులో వివాహమైంది. కొత్తగా సంసారం ఆరంభించిన ఇద్దరు కలిసి మరొక ఇద్దరి సంసారాన్ని పరిశీలించి తీసిన చిత్రమిది. ఇందులో భర్త పక్షం మాత్రమే వినిపించకపోవటానికి ఆల్మా కలం కూడ కారణమని మేము భావిస్తున్నాము.

ఓడమీద సంసారం రెండుగా చీలుతుంది. ఫ్రెడ్ సముద్రపు జబ్బుతో పడక దిగడు. ఒంటరిగా మిగిలిన ఎమిలీకి కమాండర్ గార్డన్ అనే మర్యాదస్థుడు పరిచయమవుతాడు. ఆ పాత్రను పెర్సీ మార్మాంట్ ధరించాడు. ఆయన ఆమె చెప్పేది వింటాడు. ఎంత సామాన్యమైన గుణం ఇది! కాని ఎమిలీకి అది అపూర్వంగా తోస్తుంది. ఇంటిదగ్గర ఆమె మాట సగంలోనే తెగిపోయేది. ఇక్కడ ఒక మనిషి వాక్యం చివరివరకు ఓపికగా ఆగుతున్నాడు. ఫ్రెడ్ కోలుకొని పైకి వచ్చేసరికి భార్య ముఖంలో కొత్త కాంతి ఉన్నది. ఆ సంగతి గమనించే తీరిక అతనికి లేదు. రాకుమారినని చెప్పుకొనే ఒక జర్మన్ సుందరి అప్పటికే అతని కంటబడింది. బెట్టీ ఆమన్ ధరించిన పాత్ర అది. తన ఇంట రాజుగా మన్నన పొందలేదని బాధపడిన గుమాస్తాకు రాకుమారి మన్నన దొరికింది. ఇక చెప్పేదేమున్నది!

ఈ భాగంలో ప్రేమను గురించి ఎమిలీ గార్డన్‌తో చెప్పే మాటలు చిత్రానికంతటికీ ఆయువుపట్టు అని మా అభిప్రాయం. నవలలలో వ్రాసినట్లు ప్రేమ మనిషికి ధైర్యం ఇవ్వదని, పిరికిదనం ఇస్తుందని ఆమె అంటుంది. ప్రేమించిన మనిషి దగ్గర తాను తెలివిగా మాట్లాడలేకపోతున్నానని, ఆయన ఏమనుకొంటాడోనన్న జంకు వదలదని ఆమె భావం. పరాయివాడైన గార్డన్ దగ్గర తాను చలాకీగా ఉండటానికి కారణం అక్కడ పోగొట్టుకొనేది ఏమీ లేకపోవటమే. భర్త దగ్గర మౌనంగా ఉండే భార్యను చూసి ఆమెకు మాటలు రావని అనుకొనే మగవారు లోకంలో కొల్లలు. ఆ మౌనం తెలివితక్కువతనం కాదని, తమ మీది భయమో, భక్తియో, ప్రేమయో తెలియని ఒక బరువు అని ఈ సన్నివేశం తెలియజేస్తుంది. 1931 నాటి చిత్రంలో ఒక స్త్రీపాత్ర ఇంత సూటిగా మాట్లాడటం మమ్మల్ని ఆశ్చర్యపరచింది.

కొలంబోలో రెండు జంటలూ ఒకరికొకరు ఎదురై ఇబ్బందిపడతారు. సింగపూరులో దారులు వేరవుతాయి. కౌలాలంపూరులోని తన నివాసానికి రమ్మని గార్డన్ ఎమిలీని తీసుకొని రైలు ఎక్కుతాడు. దారిలో, ఆ రాకుమారి నిజమైన రాకుమారి కాదని, ఫ్రెడ్ సొమ్ము కాజేయటానికే చేరిందని ఆయన చెబుతాడు. భర్త నిజస్వరూపం తెలిస్తే ఎమిలీ మనసు పూర్తిగా తనవైపు తిరుగుతుందని ఆయన ఉద్దేశం. జరిగినది వేరు. తన భర్త గొప్పవాడు కాదని, మగతనపు ముసుగు వేసుకొన్న పసివాడని ఎమిలీకి ఆ క్షణంలో స్పష్టంగా తెలుస్తుంది. తెలిసినందువల్లనే విడిచిపోలేకపోతుంది. గార్డన్‌ను రైలులో వదిలి వెనుకకు వస్తుంది.

మామూలు చిత్రమైతే పరపురుషుని దుష్టునిగా చూపి ఎమిలీ నిర్ణయాన్ని తేలిక చేసి ఉండేది. హిచ్‌కాక్ ఆ పని చేయలేదు. గార్డన్ మంచివాడు. ఆమెను ప్రేమించాడు, గౌరవించాడు. ఆమె వదులుకొన్నది నిజమైన సుఖాన్నే. అందువల్ల ఆమె తిరిగి రావటంలో త్యాగం ఎంతో, జాలి ఎంతో, ప్రేమ ఎంతో విడదీసి చెప్పటం సాధ్యం కాదు. ‘పతివ్రత కనుక వచ్చింది’ అని సరిపెట్టుకొనేవారు ఆమెను చిన్నబుచ్చినవారవుతారు. ‘గత్యంతరం లేక వచ్చింది’ అనేవారు చిత్రాన్ని సరిగా చూడనట్లే. ఆమెకు గత్యంతరం రైలులో పక్కనే కూర్చొని ఉన్నది.

వచ్చిన భార్య మాట ఫ్రెడ్ నమ్మడు. నమ్మేసరికి రాకుమారి 1,000 పౌండ్లతో మాయమయింది. ఆమె బెర్లిన్ నగరంలో ఒక సామాన్యుని కుమార్తె. నాటి గుమాస్తాకు అంత మొత్తం కొన్ని సంవత్సరాల జీతంతో సమానం. హోటలు బాకీ తీర్చగా మిగిలిన కొద్ది సొమ్ముతో దంపతులు ఒక పాత సరుకుల ఓడలో చోటు సంపాదిస్తారు. వెళ్లేటప్పుడు విలాసనౌక, వచ్చేటప్పుడు తుప్పుపట్టిన స్టీమరు. పొగమంచులో ఓడకు ప్రమాదం జరుగుతుంది. అందరూ దిగిపోతారు. గది తలుపు బిగుసుకుపోయి వీరిద్దరూ లోపలనే చిక్కుకొంటారు. కిటికీ అద్దం మీదికి నీరు పెరుగుతూ ఉంటుంది. ఇక చావు తప్పదనుకొన్న ఆ రాత్రి, అనేక సంవత్సరాల తరువాత, వారు ఒకరితో ఒకరు నిజంగా మాట్లాడుకొంటారు. అరుపు లేదు, నిష్ఠూరం లేదు. వారిని అంతవరకు విడదీసిన ఆకర్షణలన్నీ గది బయట నీటిలో ఉన్నాయి. మాకు ఈ చిత్రంలో అన్నిటికంటె నచ్చిన ఘట్టం ఇది. పొద్దున లేచేసరికి ఓడ మునగలేదు. ఎండ వచ్చింది. బతికి ఉన్నందుకు ఇద్దరూ ఆశ్చర్యపడతారు.

తరువాత వచ్చే ఘట్టంతో మాకు పేచీ ఉన్నది. నిర్జనమైన ఆ ఓడను దోచుకోవటానికి చైనా నావికుల పడవ వస్తుంది. దంపతులు ఆ పడవలోకి చేరుకొంటారు. ఒక నావికుడు తాళ్లలో కాలు చిక్కుకొని నీట మునిగి చనిపోతే తోటివారు చలించకుండా చూస్తూ ఉండిపోతారు. వీరికి ఆకలివేళ భోజనం పెడతారు. ఆవురావురుమని తిన్న తరువాత అది ఓడలోని పిల్లి మాంసమని తెలిసి దంపతులు నోరు మూసుకొని పరుగెత్తుతారు. ఆసియావారు భావరహితులని, వారి తిండి ఏవగింపు కలిగించేదని చూపే ఈ హాస్యం ఆనాటి వలస పాలకుల చూపు. కొలంబో, సింగపూరు దృశ్యాలలో కూడ అక్కడి ప్రజలు తెల్లవారి కథకు వెనుక వ్రేలాడదీసిన తెరబొమ్మలు మాత్రమే. ఆ రేవులలో బరువులు మోసినవారిలో మన దక్షిణ దేశం నుంచి వలస వెళ్లిన కూలీలు ఉన్నారన్న సంగతి తెలిసిన మనకు ఇది కనబడకుండా పోదు. పాత చిత్రాన్ని ఆదరించటమంటే దాని దోషాలను కూడ పళ్లెంలో పెట్టి నెత్తిన పెట్టుకోవటం కాదు.

అయితే అదే పడవలో ఒక శిశువు పుడుతుంది. ఏ హడావుడి లేకుండా తల్లి కంటుంది. బిడ్డమీద నీళ్లు గుమ్మరిస్తారు. ఎమిలీ కళ్లార్పకుండా చూస్తూ ఉంటుంది. జీవితం కావాలని లోకమంతా వెదకిన దంపతుల ఎదుట జీవితం ఇంత మామూలుగా ప్రత్యక్షమవుతుంది. దర్శకుడు తెలిసి చేసినా, తెలియక చేసినా, తాను హేళన చేసిన మనుషుల మధ్యనే తన కథకు కావలసిన సత్యం దొరకటం విశేషం.

చివరకు లండన్ చేరుకొంటారు. అదే వాన, అదే ఇల్లు. గడప దాటిన కొద్దిసేపటికే మళ్లీ వాదన మొదలు. ఈసారి ఇల్లు మారటం గురించి. గొంతులు హెచ్చుతుండగానే చిత్రం ముగిసిపోతుంది. నాటి ప్రేక్షకులను నిరాశపరచినది ఈ ముగింపే కావచ్చు. ఇంత ప్రయాణం చేసి, ఇంత డబ్బు పోగొట్టుకొని, చావును చూసి వచ్చి కూడ వీరు మారలేదా అని వారికి అనిపించి ఉంటుంది. సముద్రం మనిషిని అపురూపమైన వస్తువుగా మారుస్తుందన్న షేక్‌స్పియర్ మాటకు హిచ్‌కాక్ చెప్పిన జవాబు ఇది. మనుషులు ముత్యాలు కారు. మళ్లీ ఫ్రెడ్, ఎమిలీలే అవుతారు.

మా దృష్టిలో మాత్రం మొదటి తగవుకు, చివరి తగవుకు పోలికలేదు. మొదటిదానిలో ఒక్కరే మాట్లాడారు. రెండవవారు కుట్టుపని వంక చూస్తూ విన్నారు. చివరిదానిలో ఇద్దరూ మాట్లాడుతున్నారు. ఎమిలీ సమాధానం చెబుతున్నది. పట్టుబడుతున్నది. ప్రేమ వల్ల పిరికిదాననయ్యానని చెప్పిన ఆ స్త్రీకి పిరికితనం పోయింది, ప్రేమ మిగిలింది. సముద్రయానం వల్ల ఆ ఇంటికి లభించిన లాభం అంతే. ఆ లాభం తక్కువదేమీ కాదు.

ఒక్క విషయంలో మాత్రం చిత్రంతో మేము ఏకీభవించలేము. తిరిగి వచ్చినది ఎమిలీ. హెచ్చరించినది ఎమిలీ. వదులుకొన్నది ఎమిలీ. ఫ్రెడ్ వదులుకొన్నది ఏదీ లేదు, అతని దగ్గరనుంచి ఎత్తుకుపోయారు, అంతే. ఒకరు ఇష్టపడి చెల్లించిన మూల్యం, మరొకరు మోసపోయి పోగొట్టుకొన్న సొమ్ము ఒకే ఖాతాలో జమకట్టటం న్యాయం కాదు. అకౌంట్స్ విభాగంలోని మన మిత్రులు ఈ మాటను ఒప్పుకొంటారని నమ్ముతున్నాము. సంసారాలు నిలబడినప్పుడు, ఎవరి ఖర్చు మీద నిలబడ్డాయో కూడ చూడాలి. తొంభై ఏళ్లు దాటిన తరువాత కూడ ఈ ప్రశ్నకు వయసు మీరలేదు.

మన సంస్థలోని కుటుంబాలకు ఈ చిత్రం దగ్గరగా తోచటానికి మరొక కారణమున్నది. ‘పదవీవిరమణ కానీ, గ్రాట్యుటీ చేతికి రానీ, అప్పుడు చూద్దాం’ అనే మాట మన క్వార్టర్సులలో వినబడని ఇల్లు అరుదు. పిల్లల చదువు, ఆడపిల్ల పెళ్లి, సొంత ఇల్లు, ఆ తరువాతనే జీవితం. ఆ మాటలో దూరదృష్టి ఉన్నది, కాదనలేము. కాని ఫ్రెడ్‌కు అందిన ఉత్తరం వంటిది మనకూ ఒకనాడు అందినదనుకోండి. అంతవరకు మాట్లాడుకోవటం మరచిపోయిన ఇద్దరు, ఆ సొమ్ముతో ఎల్‌టీసీ మీద కన్యాకుమారికి పోయినా, కాశ్మీరానికి పోయినా, ఆ మౌనాన్ని కూడ పెట్టెలో సర్దుకొనే పోతారు. పెట్టె తెరిచిన ప్రతిచోటా ముందుగా బయటపడేది అదే.

ఈ చిత్రంలో హాస్యగత్తె పాత్ర ధరించిన ఎల్సీ రాండాల్ఫ్‌ను మరువరాదు. ఓడమీద ఎవరు ఎక్కడ ఏకాంతంగా ఉన్నా చొరబడే ఆ అవివాహిత ప్రయాణికురాలు చూసినంతసేపూ నవ్విస్తుంది. నాలుగు దశాబ్దాల తరువాత 1972లో హిచ్‌కాక్ తన ‘ఫ్రెంజీ’ చిత్రంలో ఈమెకు మళ్లీ ఒక వేషం ఇచ్చాడు. ఫ్రెడ్‌గా హెన్రీ కెండాల్ చేసిన నటన కొన్నిచోట్ల నాటకపు ధోరణిలో ఉన్నా, జాలి, కోపం ఒకేసారి కలిగించగలగటం అతని ప్రజ్ఞ.

చిత్రం నిడివి సుమారు గంటన్నర. పాత ప్రతులలో ధ్వని గరగరలాడుతుంది, బొమ్మ అక్కడక్కడ మసకబారుతుంది. మొదటి పావుగంట ఓపికపడితే ఆ తరువాత అవి అడ్డురావు. ఆంగ్ల సంభాషణలు కొద్దిగానే ఉన్నందున భాష అంతగా రానివారు కూడ కథను సులభంగా అనుసరించగలరు. పిల్లలను నిద్రపుచ్చి భార్యాభర్తలు కలిసి చూడదగిన చిత్రమిది. చూసిన తరువాత మీ ఇంట్లో చిన్న వాదన ఏదైనా తలెత్తితే కంగారు పడవద్దు. ఇద్దరూ మాట్లాడుతున్నంతవరకు మంచిదే. ఒకరే మాట్లాడుతూ, రెండవవారు కుట్టుపని వంక చూస్తున్నారేమో, అది మాత్రం గమనించుకోండి.